గలీషియా డివిజన్ వాళ్ళని ఏమనాలి? 1943-45లో జర్మన్ల పక్కన కొట్లాడిన ఉక్రెయిన్ సైనికుల మీద చర్చ

టెర్నోపిల్_డాక్టర్:
అందరికీ నమస్తే. నేను టెర్నోపిల్‌ల ఎంబీబీఎస్ చదివిన, ఆరేండ్లు అక్కడ్నే ఉన్న. ల్వీవ్ పోయేటప్పుడు జోలోచివ్ దగ్గర చెర్వొనె అని ఒక ఊరు వస్తది, అక్కడ ఒకే తీరు శిలువలు వరుసగా ఉంటయి, నడుమ చిన్న ప్రార్థనా మందిరం. మొదటిసారి చూసినప్పుడు రెండో ప్రపంచ యుద్ధంల పోయిన సైనికులేమో అని దండం పెట్టుకుని వచ్చిన. తర్వాత తెలిసింది అవి గలీషియా డివిజన్ వాళ్ళ సమాధులు అని, అంటే హిట్లర్ నాజీ పార్టీ సొంత సాయుధ దళం ఎస్ఎస్ కింద పనిచేసిన ఉక్రెయిన్ దళం.

మేం కిరాయికి ఉన్న ఇంట్ల ఒక అవ్వ ఉండేది, ఆమె గోడ మీద రెండు ఫొటోలు ఒకదాని పక్కన ఒకటి, ఒకటి వాళ్ళ నాయన, రెడ్ ఆర్మీ యూనిఫాం, ఇంకోటి ఆమె భర్తకి పెద్దన్న, కాలర్ మీద సింహం గుర్తు. ఆయన 1944 జులైల బ్రోడీ దగ్గర పోయిండు, శవం కూడా దొరకలే. ఇప్పుడు మా క్లాస్ వాట్సాప్ గ్రూపుల ఒకడు ఉక్రెయినోళ్ళంతా నాజీలే అంటడు, ఇంకొకడు వాళ్ళు స్వాతంత్ర్య సమరయోధులు అంటడు, నాకు ఆ గోడే యాదికొస్తది. తెలిసినోళ్ళు ఎవరన్నా మొదటి నుంచి చెప్పుండ్రి.

పాత_పటాలు:
డాక్టర్ గారు, మంచి ప్రశ్న అడిగారు, కొంచెం పొడుగ్గా రాస్తాను ఓపిక పట్టండి.

ముందు గలీషియా అంటే ఏంటో చూడాలి. ల్వీవ్, టెర్నోపిల్, ఇవానో-ఫ్రాంకివ్స్క్ ప్రాంతం 1918 దాకా ఆస్ట్రియా సామ్రాజ్యంలో ఉంది, తర్వాత పోలండ్ చేతికి పోయింది, 1939 సెప్టెంబర్లో సోవియట్లు ఆక్రమించారు, 1941 జూన్‌లో జర్మన్లు వచ్చారు. అంటే ఒక మనిషి ఒకే ఇంట్లో కూర్చుని పాతికేళ్ళలో నాలుగు జెండాలు చూశాడు. 1939-41 మధ్య సోవియట్ పోలీసులు వేలమందిని సైబీరియాకి, కజకిస్తాన్‌కి తోలేశారు, జర్మన్లు దూసుకొస్తుంటే ల్వీవ్ జైళ్ళలో ఉన్న ఖైదీల్ని కాల్చి చంపి మరీ పోయారు. అక్కడి జనానికి స్టాలిన్ అంటే అంత కసి ఎందుకో అర్థం కావాలంటే ఇది తెలియాలి. కానీ అదే వారంలో ఆ శవాల్ని చూపించి, ఇదంతా యూదుల పనే అని నింద వేసి ల్వీవ్ వీధుల్లో యూదుల్ని కొట్టి చంపారు, అందులో స్థానికులు కూడా ఉన్నారు. ఇది కూడా తెలియాలి. ఒకటి చెప్పి రెండోది దాచేవాళ్ళే ఈ టాపిక్‌లో ఎక్కువ.

ఇక డివిజన్ సంగతి. 1943 ఫిబ్రవరిలో స్టాలిన్‌గ్రాడ్‌లో జర్మన్లు దెబ్బతిన్నాక మనుషులు కావాల్సొచ్చింది. గలీషియా జిల్లా గవర్నర్ ఓటో వెఖ్టర్ అనేవాడు ఎస్ఎస్ అధిపతి హిమ్లర్‌ని ఒప్పించి 1943 ఏప్రిల్ 28న ల్వీవ్‌లో డివిజన్ ప్రకటించాడు. 80 వేల మంది దాకా పేర్లు ఇచ్చారు, మెడికల్ పరీక్షలూ వడపోతా అయ్యాక మొదటి విడతలో శిక్షణకి చేరింది 13 వేల చిల్లర. ఉక్రెయిన్ అనే పేరు పెట్టడానికి హిమ్లర్ ఒప్పుకోలేదు, గలీషియా అనే అనాలన్నాడు. కాలర్ మీద ఎస్ఎస్ గుర్తు బదులు సింహం, చేతి మీద సింహంతో పాటు మూడు కిరీటాలు. పై ఆఫీసర్లు ఎక్కువ మంది జర్మన్లే, కమాండర్ ఫ్రిట్జ్ ఫ్రైటాగ్. ఎస్ఎస్‌లో మామూలుగా లేనట్టు వీళ్ళకి గ్రీకు కాథలిక్ (అక్కడి ఉక్రెయిన్ వాళ్ళ చర్చి) పాస్టర్లని కూడా ఇచ్చారు. ప్రమాణం మాత్రం హిట్లర్ పేరు మీదే చేశారు.

కృష్ణా_తీరం:
బందేరా దళం అంటారు చూడండి అదే కదా ఇది? అందుకే కదా రష్యా వాళ్ళు ఇప్పటికీ బందేరా బందేరా అని అరుస్తుంటారు.

పాత_పటాలు:
కాదండి. అందరూ ఇక్కడే కలిపేస్తారు. స్టెపాన్ బందేరా ఉక్రెయిన్ జాతీయవాద నాయకుడు, ఆయన మనుషులు 1941 జూన్ 30న ల్వీవ్‌లో స్వతంత్ర ఉక్రెయిన్ ప్రకటించారు, జర్మన్లకి అది నచ్చక ఆయన్ని పట్టుకుపోయి జాక్సెన్‌హౌసెన్ క్యాంపులో పెట్టారు, డివిజన్ పుట్టినప్పుడు ఆయన అక్కడే ఉన్నాడు. ఆయన వర్గం ఈ డివిజన్‌ని పైకి వ్యతిరేకించింది, వాళ్ళకి సొంత గెరిల్లా సైన్యం యుపిఎ ఉంది. డివిజన్‌ని సపోర్ట్ చేసింది అదే ఉద్యమంలో ఆయనకి పోటీ అయిన మెల్నిక్ వర్గం, దాంతో పాటు క్రాకోవ్‌లో వొలొదిమిర్ కుబియోవిచ్ నడిపిన ఉక్రెయిన్ సెంట్రల్ కమిటీ. అలాగని బందేరా వర్గం చేతులు శుభ్రం అని కాదు, 1943లో గలీషియాకి ఉత్తరాన ఉన్న వొలీనియాలో పోలిష్ పల్లెల్ని తుడిచిపెట్టింది యుపిఎనే. లెక్కలు వేరు, నేరాలూ వేరు, ఒకే గాటన కట్టకూడదు అంటున్నాను అంతే.

చదువరి_77:
అన్నా నాకొక డౌట్, 1943 నాటికి జర్మనీ ఓడిపోతోందని తెలుస్తూనే ఉంది కదా, మరి ఓడిపోయేవాడి పక్కన చేరడం ఏంటి? ఏం లాభం?

పాత_పటాలు:
తమ్ముడూ అసలు పాయింట్ పట్టుకున్నావు. వాళ్ళ లెక్క 1918 నుంచి వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆస్ట్రియా సైన్యంలో సిచ్ రైఫిల్‌మెన్ అని ఉక్రెయిన్ దళం ఉండేది, సామ్రాజ్యం కూలగానే 1918 నవంబర్ 1న ఆ సైన్యంలోని ఉక్రెయిన్ సైనికులే ల్వీవ్‌లో అధికారం తీసుకుని సొంత రాజ్యం ప్రకటించారు, అది ఎక్కువ రోజులు నిలవలేదు, పోలండ్‌తో యుద్ధంలో పోయింది. 1943లో యాభై ఏళ్ళ పెద్దలంతా ఆ తరం వాళ్ళే. మళ్ళీ జర్మనీ, సోవియట్ రెండూ ఒకదాన్నొకటి కొట్టుకుని చతికిలబడతాయి, అప్పుడు మన చేతిలో శిక్షణ ఉన్న కుర్రాళ్ళు, తుపాకులు ఉంటే చాలు అనుకున్నారు. గెలిచేవాడి కోసం కాదు, గెలిచేవాడు లేకుండా పోయే రోజు కోసం. ఆ రోజు రాలేదు.

కుర్రాళ్ళ సంగతి వేరు, వాళ్ళకి ముందు నుయ్యి వెనక గొయ్యి. ఊళ్ళో ఉంటే జర్మనీకి కూలికి పట్టుకెళ్తారు, అడవికి పోతే యుపిఎ, ఎర్ర సైన్యం వస్తే వాళ్ళు పట్టుకెళ్తారు. నిజంగా ఇష్టపడి చేరినవాళ్ళూ చాలామందే ఉన్నారు, అది కాదనలేం.

క్రాకోవ్_కిరణ్:
నేను పోలండ్‌లో తొమ్మిదేళ్ళుగా ఉంటున్నా, ఇక్కడి కోణం కూడా చెప్పాలి. పైన అంతా కష్టాలు, కలలు అని చదువుతుంటే బాగానే ఉంది కానీ హూతా పియెనియాత్స్కా పేరు ఎవరూ ఎత్తలేదు. 1944 ఫిబ్రవరి 28 పొద్దున, బ్రోడీకి దగ్గర్లోనే ఆ పోలిష్ ఊరిని చుట్టుముట్టి, జనాన్ని చర్చిలో పోగేసి, గుంపులు గుంపులుగా కొట్టాల్లోకి తోలి నిప్పంటించారు. పిల్లలు, ముసలివాళ్ళు అందరూ. పోలండ్ జాతీయ స్మృతి సంస్థ లెక్కలో 850 మంది దాకా. చేసింది 4వ ఎస్ఎస్ పోలీస్ రెజిమెంట్, అందులో ఉన్నది ఈ డివిజన్‌లో చేరడానికి పేర్లు ఇచ్చిన గలీషియా వాలంటీర్లే. ఇప్పుడు అక్కడ ఊరు లేదు, స్మారక శిలువ ఒకటి ఉంది, 2017లో దాన్ని కూడా ఎవరో పేల్చేశారు, మళ్ళీ కట్టారు.

మా ఆఫీసులో పోలిష్ కొలీగ్ వాళ్ళ అమ్మమ్మ అటువైపు నుంచే వచ్చింది. 2022లో యుద్ధం మొదలైనప్పుడు అదే మనిషి ఉక్రెయిన్ నుంచి వచ్చిన తల్లీపిల్లల్ని తన ఫ్లాట్‌లో నాలుగు నెలలు పెట్టుకుంది. మర్చిపోయి కాదు, మర్చిపోకుండానే పెట్టుకుంది. కాబట్టి ఈ ఊరి పేరు చెప్తే రష్యాకి సాయం అయిపోతుంది అనే మాట నేను ఒప్పుకోను.

పాత_పటాలు:
కిరణ్ గారు, మీరు ఎత్తకపోతే నేను ఎత్తేవాణ్ణి, ఆలస్యం చేశాను, తప్పే. అక్కడ నడిచే వాదన ఏంటంటే, ఆ రోజుకి 4వ రెజిమెంట్ డివిజన్ ఆజ్ఞల కింద లేదు, జర్మన్ పోలీస్ కమాండ్ కింద ఉంది అని. కాగితం మీద అది నిజమే. డివిజన్‌లో పట్టని వాలంటీర్లతో 4 నుంచి 8 దాకా ఐదు పోలీస్ రెజిమెంట్లు కట్టారు. కానీ తర్వాత ఆ రెజిమెంట్లని రద్దు చేసి మనుషుల్ని డివిజన్‌లోనే కలిపారు. కాబట్టి మా డివిజన్‌కి సంబంధం లేదు అనడం చెల్లదు. ఆ చర్చిలో ఉన్నవాళ్ళకి ఏ కమాండ్ అయితే ఏంటి.

కృష్ణా_తీరం:
1944లో పోలండ్ వాళ్ళు జర్మన్ల మీద చేసిన వార్సా తిరుగుబాటుని అణిచింది కూడా వీళ్ళే అని చదివాను.

క్రాకోవ్_కిరణ్:
అది పోలండ్‌లోనే చాలామంది నమ్మే తప్పు సర్. 1944 ఆగస్టులో వార్సాలో ఓహోతా వైపు ఘోరాలు చేసింది కమిన్‌స్కీ బ్రిగేడ్, అది రష్యన్ల దళం. తూర్పు నుంచి వచ్చిన ప్రతి యూనిఫాంనీ జనం ఉక్రెయినోడు అనేశారు. గలీషియా డివిజన్ వార్సాలో లేదు. వొలీనియా నుంచి వచ్చిన ఉక్రెయిన్ ఆత్మరక్షణ లీజియన్ అని చిన్న దళం ఒకటి సెప్టెంబర్లో కొంతమందిని పంపింది. ఆ లీజియన్‌ని కూడా 1945 మార్చిలో డివిజన్‌లో కలిపేశారు. ఏది ఎవరు చేశారో అది వాళ్ళకే రాయాలి, చేయనిది నెత్తిన వేయకూడదు.

టెర్నోపిల్_డాక్టర్:
బ్రోడీ గురించి చెప్పుండ్రి అన్నా. అవ్వ వాళ్ళ బావ సంగతి.

పాత_పటాలు:
1944 జూన్ చివర డివిజన్‌ని బ్రోడీ దగ్గర 13వ ఆర్మీ కోర్ వెనకాల రిజర్వులో పెట్టారు. జులై 13న సోవియట్ మార్షల్ కోనెవ్ నడిపే మొదటి ఉక్రెయిన్ ఫ్రంట్ (రెడ్ ఆర్మీ సేనల పేరు అది) విరుచుకుపడింది. రెండు వైపుల నుంచి ట్యాంకులు వచ్చి జులై 18కి చుట్టేశాయి, లోపల దాదాపు ఎనిమిది డివిజన్లు చిక్కుకున్నాయి. మన కుర్రాళ్ళని, అంటే ఆ గలీషియా కుర్రాళ్ళని, సన్నటి దారి తెరిచి ఉంచడానికి ముందుకి తోశారు, అసలు యుద్ధం చూడటం వాళ్ళకి అదే మొదలు. కోర్ కమాండర్ హౌఫ్ కూడా అక్కడే చచ్చిపోయాడు. జులై 22కి అయిపోయింది. 11 వేల మందితో లోపలికి వెళ్తే, జర్మన్ లైన్లకి తిరిగొచ్చింది 3 వేలు. మిగతావాళ్ళంతా చనిపోయారని కాదు, కొందరు పట్టుబడి సోవియట్ క్యాంపులకి పోయారు, కొందరు అడవిలోకి జారుకుని యుపిఎలో చేరారు.

ఒక్క విషయం చూడండి. కోనెవ్ వైపు నుంచి వచ్చిన సైన్యంలో కూడా ఉక్రెయిన్ వాళ్ళు లక్షల్లో ఉన్నారు. మొత్తం యుద్ధంలో రెడ్ ఆర్మీలో కొట్లాడిన ఉక్రెయిన్ వాళ్ళు 60 లక్షలకి పైనే. ఎస్ఎస్ డివిజన్‌లో ఉన్నవాళ్ళు కొన్ని వేలు, ఇటు లక్షలు. ఉక్రెయినోళ్ళంతా నాజీలు అనే మీ ఫ్రెండ్‌కి ఈ ఒక్క లెక్క చూపించండి చాలు. జెలెన్‌స్కీ తాత కూడా రెడ్ ఆర్మీలోనే చేశాడు.

కృష్ణా_తీరం:
సరే, నా అసలు వాదన చెప్తా. మనం నేతాజీని నెత్తిన పెట్టుకుంటాం. ఆయన బెర్లిన్ వెళ్ళి ఉత్తర ఆఫ్రికాలో దొరికిన మన సైనికులతో లీజియన్ కట్టాడు, మూడు వేల మంది దాకా, చేతి మీద పులి గుర్తు, వాళ్ళూ హిట్లర్ పేరు ఎత్తి ప్రమాణం చేశారు, 1944 ఆగస్టులో ఆ లీజియన్ కూడా వాఫెన్ ఎస్ఎస్, అంటే ఎస్ఎస్ యుద్ధ విభాగం, కిందకే మారింది. మరి మనవాళ్ళు దేశభక్తులు, వాళ్ళు నాజీలు ఎలా అవుతారు? శత్రువుకి శత్రువు అనే లెక్క ఇద్దరిదీ ఒకటే కదా.

రిటైర్డ్_మాస్టారు:
నాయనా, నువ్వు అన్నదాంట్లో చాలావరకు నిజం ఉంది, మన హైదరాబాద్ వాడు ఆబిద్ హసన్ సఫ్రానీ కూడా బెర్లిన్‌లో నేతాజీ పక్కనే ఉండి ఆ లీజియన్ పని చేశాడు, జైహింద్ అనే పలకరింపు ఆయన పెట్టిందే అంటారు, 1943 ఫిబ్రవరిలో జలాంతర్గామిలో నేతాజీతో పాటు వెళ్ళిన ఒకే ఒక్క భారతీయుడు ఆయన. ఆయన్ని నేను నాజీ అనగలనా, అనలేను.

కానీ ఒక తేడా ఉంది బాబూ, ఆ తేడా చిన్నది కాదు. మన లీజియన్ వాళ్ళ సొంత ఊళ్ళు ఎక్కడో పంజాబ్‌లోనో మహారాష్ట్రలోనో ఉన్నాయి, జర్మన్లు అక్కడికి రాలేదు. గలీషియాలో అలా కాదు. డివిజన్ ప్రకటించే రోజుకి ఆ ఊళ్ళలోనే పక్కింటి యూదులు కొందరు బెల్‌జెట్స్ అనే చంపే క్యాంపుకి వెళ్ళిపోయారు, కొందరు వీధి చివర గోతుల్లో ఉన్నారు. ఎస్ఎస్ అధికారి కాట్జ్‌మన్ 1943 జూన్ ఆఖరున పంపిన రిపోర్టులో గలీషియా నుంచి 4,34,329 మంది యూదుల్ని తీసేశాం అని తనే అంకె వేసి రాసుకున్నాడు. ఏ ఎస్ఎస్ ఆ పని చేసిందో ఆ ఎస్ఎస్‌లోనే పేరు ఇవ్వడానికి లైన్ కట్టడం, చూడలేదు తెలియదు అనడానికి వీల్లేని చోట జరిగింది. 1944 మేలో హిమ్లర్ డివిజన్ శిక్షణ క్యాంపు న్యూహామర్‌కి వచ్చి వాళ్ళ ఆఫీసర్ల ముందే, యూదులు పోయాక మీ దేశం ఎంతో అందంగా అయింది అనే అర్థం వచ్చేట్టు మాట్లాడాడు.

అదే ల్వీవ్‌లో మెత్రొపాలిత షెప్తిత్స్కీ అనే పెద్ద మతాధికారి తన మఠాల్లో వందకి పైగా యూదుల్ని, ఎక్కువగా పిల్లల్ని, దాచి కాపాడాడు. మళ్ళీ ఆయనే ఈ డివిజన్‌కి పాస్టర్లని పంపించాడు. ఒకే మనిషి. ముప్పై ఏళ్ళు చరిత్ర పాఠం చెప్పాను, ఇలాంటి మనిషిని పిల్లలకి ఎలా చెప్పాలో ప్రతి ఏడాదీ మళ్ళీ ఆలోచించాల్సి వచ్చేది.

కృష్ణా_తీరం:
మాస్టారూ ఆ తేడా నేను ఆలోచించలేదు. ఒప్పుకుంటున్నా. పోలిక పూర్తిగా తీసేయను గానీ, ఇక సమానం అనను.

చదువరి_77:
జర్మన్లని వదిలేసి తిరగబడినవాళ్ళు ఎవరూ లేరా?

పాత_పటాలు:
ఉన్నారు, కానీ వాళ్ళు వేరే దళం. 1944 ఆగస్టులో తూర్పు ఫ్రాన్స్‌కి తెచ్చిన 30వ ఎస్ఎస్ డివిజన్‌లో ఉక్రెయిన్ బెటాలియన్లు ఉండేవి. ఆగస్టు 27న ఒక బెటాలియన్ వాళ్ళు జర్మన్ ఆఫీసర్లని చంపేసి ఆయుధాలతో సహా కాన్‌ఫ్రకూర్ అడవిలో ఫ్రెంచ్ ప్రతిఘటన దళాల్లో కలిశారు, వాళ్ళకి ఇవాన్ బోహున్ పేరు పెట్టారు, ఇంకో బెటాలియన్ తారస్ షెవ్‌చెంకో పేరు పెట్టుకుంది. తర్వాత కొంతమంది ఫ్రెంచ్ ఫారిన్ లీజియన్‌లోకి వెళ్ళారు. అయితే ఇక్కడ కూడా మెలిక ఉంది, వీళ్ళలో కొందరు బెలారస్‌లో పోలీస్ బెటాలియన్లలో పనిచేసి వచ్చినవాళ్ళు. అందులో 118వ బెటాలియన్ 1943 మార్చి 22న ఖతీన్ ఊరిని 149 మందితో సహా తగలబెట్టింది. ఒక ఏడాది ఇది, ఇంకో ఏడాది అది.

గలీషియా డివిజన్ చివరి దశ త్వరగా చెప్తాను. బ్రోడీ తర్వాత మళ్ళీ నింపారు, స్లొవాకియా తిరుగుబాటుని అణచడానికి పంపారు, 1945 మొదట్లో స్లొవీనియాకి నడిపించారు, అక్కడ పార్టిజన్ల మీద, ఏప్రిల్లో ఆస్ట్రియాలో ఫెల్డ్‌బాఖ్ దగ్గర రెడ్ ఆర్మీ మీద కొట్లాడారు. మార్చి 23న హిట్లర్ మీటింగ్‌లో ఈ డివిజన్ పేరు వస్తే, ఉక్రెయిన్ డివిజన్ అని ఒకటి ఉందా, నాకెవరూ చెప్పలేదే అన్నట్టు మాట్లాడి, ఆయుధాలు లాక్కుని జర్మన్లకి ఇవ్వమన్నాడు. ఎవడి పేరు మీద ప్రమాణం చేశారో వాడికి వీళ్ళు ఉన్నట్టే తెలీదు. ఇది చదివిన రోజు నాకు ఆ కుర్రాళ్ళ మీద నిజంగా జాలేసింది.

అదే నెలలో పావ్లో షాండ్రుక్ అనే జనరల్‌ని ముందు పెట్టి ఉక్రెయిన్ నేషనల్ ఆర్మీ అని పేరు మార్చారు, ఏప్రిల్ 25న ఉక్రెయిన్ ప్రజల పేరు మీద కొత్త ప్రమాణం చేశారు. రెండు వారాల్లో యుద్ధం అయిపోయింది. ఫ్రైటాగ్ మే 10న ఆత్మహత్య చేసుకున్నాడు.

చదువరి_77:
మరి వాళ్ళని స్టాలిన్‌కి అప్పగించలేదా? అందర్నీ అప్పగించారని విన్నా.

పాత_పటాలు:
అక్కడికి దగ్గర్లోనే, ఆస్ట్రియాలోని లియెంజ్‌లో, జర్మన్ల పక్కన కొట్లాడిన కొసాక్కుల్ని బ్రిటిష్ వాళ్ళు కర్రలతో కొట్టి మరీ సోవియట్లకి అప్పగించారు. వీళ్ళు తప్పించుకున్నది ఒక్క కాగితం మీద. గలీషియా 1939 సెప్టెంబర్ 1 నాటికి పోలండ్‌లో ఉంది కాబట్టి వీళ్ళు సోవియట్ పౌరులు కాదు, పోలిష్ పౌరులు అన్నారు. షాండ్రుక్ యుద్ధానికి ముందు పోలిష్ సైన్యంలో కాంట్రాక్ట్ ఆఫీసర్, ఆ పరిచయంతో పోలిష్ జనరల్ ఆండర్స్‌ని అడిగాడు, బిషప్ బుచ్కో పోప్ దగ్గరికి వెళ్ళాడు. అలా 8 వేల మందికి పైగా ఇటలీలో రిమినీ క్యాంపులో రెండేళ్ళు ఉండి 1947లో బ్రిటన్‌కి వెళ్ళారు. వెళ్ళే ముందు బ్రిటిష్ కమిషన్ ఒకటి విచారించింది గానీ అందర్నీ విడివిడిగా చూసే టైమ్ లేక, ఎక్కువగా వాళ్ళు చెప్పిందే రాసుకున్నారు. నా దృష్టిలో అసలు తప్పు అక్కడ జరిగింది. ఆ రోజు ఎవరు ఎక్కడ ఉన్నారో ఒక్కొక్కరినీ అడిగి ఉంటే, నేరం లేనివాడు తలెత్తుకుని బతికేవాడు, ఉన్నవాడు బోనెక్కేవాడు.

ఎడ్మంటన్_లక్ష్మి:
నేను పద్నాలుగేళ్ళుగా కెనడాలో ఎడ్మంటన్‌లో ఉంటున్నాను, మా వీధిలో సగం ఇళ్ళు ఉక్రెయిన్ మూలాలవే, ఈస్టర్‌కి రంగులు వేసిన గుడ్లు ఇస్తారు, మా అబ్బాయి వాళ్ళ డాన్స్ క్లాస్‌కి కూడా వెళ్ళాడు. 1950లో కెనడా వీళ్ళని రానిచ్చింది. 1985లో కెనడాలో ఉన్న యుద్ధ నేరస్థుల మీద విచారణకి డెషెన్ కమిషన్ వేశారు, 1986 ఆఖర్లో రిపోర్ట్ ఇస్తూ డివిజన్ మొత్తాన్ని దోషి అనలేం, సభ్యత్వం ఒక్కటే నేరం కాదు అంది. కానీ న్యూరెంబర్గ్ కోర్టు 1946లో వాఫెన్ ఎస్ఎస్‌తో సహా ఎస్ఎస్ మొత్తాన్నీ నేర సంస్థ అంది, బలవంతంగా చేర్చబడి ఏ నేరమూ చేయని వాళ్ళని మినహాయించింది. ఈ రెండు తీర్పుల మధ్యే నలభై ఏళ్ళుగా గొడవ.

2023 సెప్టెంబర్ 22న కెనడా పార్లమెంట్‌లో జెలెన్‌స్కీ ఉండగా స్పీకర్ రోటా, యారోస్లావ్ హుంకా అనే 98 ఏళ్ళ పెద్దాయన్ని రష్యాతో పోరాడిన వీరుడు అని పరిచయం చేస్తే అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. రెండు రోజుల్లో తెలిసింది ఆయన ఈ డివిజన్ వాడని. స్పీకర్ రాజీనామా, ప్రధాని క్షమాపణ. యుద్ధంలో రష్యాతో పోరాడాడు అంటే అటుపక్క ఎవరున్నారు అని సభలో ఒక్కరికీ తట్టలేదు, అది నన్ను చాలా బాధపెట్టింది. మా ఊళ్ళో సెయింట్ మైకేల్స్ శ్మశానంలో డివిజన్ స్మారకం ఉంది, 2021లో ఎవరో దాని మీద నాజీ స్మారకం అని పెయింట్ వేశారు. ఓక్‌విల్‌లో ఉన్నదాన్ని 2024లో తీసేశారు. మా పక్కింటి యూదు పెద్దావిడ తల్లి ల్వీవ్ నుంచి వచ్చింది, మిగతా కుటుంబం అంతా అక్కడే పోయింది. ఆవిడ ఒకటే అంటారు, సమాధి ఉండనీ, ఎవరి కొడుకు వాళ్ళకి ముద్దే, కానీ రోడ్డు మీద విగ్రహం పెట్టి నన్ను దాని ముందు నుంచి నడవమనొద్దు అని. నాకు ఈ విషయంలో అంతకన్నా మంచి మాట దొరకలేదు.

క్రాకోవ్_కిరణ్:
లక్ష్మి గారూ, ఆవిడ మాట బాగుంది. 2021లో కీవ్‌లో డివిజన్ పేరు మీద ఊరేగింపు తీస్తే జెలెన్‌స్కీ కూడా ఖండించాడు, ఇది కూడా చాలామందికి తెలియదు.

టెర్నోపిల్_డాక్టర్:
అందరికీ థాంక్స్. నిన్న రాత్రి అవ్వకి వీడియో కాల్ చేసిన, కరెంటు పోయి ఉండె, కొవ్వొత్తి పెట్టుకుని మాట్లాడింది. ఫొటోల ఉన్న ఆయన 1943ల పేరు ఇచ్చిండట, అప్పటికి పందొమ్మిదేండ్లు. నేను భయపడుకుంట అడిగిన, 4వ రెజిమెంట్‌ల ఉన్నడా అని, హూతా పియెనియాత్స్కా పేరు చెప్పలే. ఆమెకి తెల్వదు, భర్త ఎన్నడూ చెప్పలేదన్నది. కానీ ఆయన రాసిన ఉత్తరం ఒకటి ట్రంకుపెట్టెల ఉన్నదట, కవరు కూడా ఉన్నదట, మనవరాలితోని ఫొటో తీయించి పంపుతా అన్నది.

పాత_పటాలు:
డాక్టర్ గారూ, కవరు వెనకా ముందూ రెండూ తీయమనండి. జర్మన్ మిలిటరీ పోస్టు మీద ఐదంకెల ఫీల్డ్‌పోస్ట్ నంబర్ ఉంటుంది, ఊరి పేరు ఉండదు. తేదీ, ఆ నంబర్ రెండూ కలిస్తే ఆ రోజుకి ఏ యూనిట్‌లో ఉన్నాడో తెలిసే అవకాశం ఉంది. అవ్వకి చెప్పాలా వద్దా అన్నది మాత్రం ముందే ఆలోచించుకోండి.

టెర్నోపిల్_డాక్టర్:
ఆమెనే అడిగింది అన్నా. ఏమొచ్చినా చెప్పు, నాకు ఎనభై దాటినయి అన్నది. ఫొటో రాంగనే ఇక్కడ్నే పెడత.